మొదటి కప్పా, పదహారో కప్పా

2010 అక్టోబరు 3న ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో సెయింట్ జార్జ్ ఇల్లవారా డ్రాగన్స్ గెలిచిన కప్పు మా బావగారి లెక్కలో పదహారోది. నా లెక్కలో మొదటిది. ఇద్దరం అభిమానించేది ఒకే టీమ్‌ని, వేసుకునేది ఒకే జెర్సీని. అది సెయింట్ జార్జ్, ఇల్లవారా అనే రెండు పాత క్లబ్బులు కలిసిపోయి పుట్టిన టీమ్. అయినా ఈ లెక్క ఇన్నేళ్లయినా తెగలేదు. పండక్కి కలిసినా, హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడి క్యాంటీన్‌లో దోసెల కోసం లైన్లో నిలబడ్డా ఎవరో ఒకరం కదుపుతాం. మా అక్క "మళ్లీ మొదలెట్టారా" అని ప్లేటు పట్టుకుని వేరే టేబుల్‌కి వెళ్లిపోతుంది.

బావగారు ఉండేది సిడ్నీ దక్షిణాన, కొగరాలో. నేనుండేది ఇంకో గంట కిందికి, సముద్రం పక్కన వొలాంగాంగ్‌లో. ఆయనది సాఫ్ట్‌వేర్, నాది ఉక్కు. నేను పెరిగింది విశాఖ ఉక్కునగరంలో, నాన్నది స్టీల్ ప్లాంటు ఉద్యోగం. వొలాంగాంగ్ యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చి, పక్కనే ఉన్న పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీకి మెయింటెనెన్స్ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో కుదురుకున్నాను. మన ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి. ఇక్కడివాటికి అయిదు, ఆరు అని నంబర్లే. ఆ మాట చెబితే వర్క్‌షాపులో అందరూ నవ్వారు గానీ ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఫర్నేసుకి పేరు లేకపోతేనేం, మాకు టీమ్‌కి ఉండేది పేరు" అన్నాడు. ఆ పేరు స్టీలర్స్. ఇల్లవారా స్టీలర్స్.

ఈ పోస్టు ఆ పెద్దాయన పక్షాన రాస్తున్నాను. న్యాయంగా రెండు వైపులా తూచి రాస్తానని మాత్రం మాట ఇవ్వలేను.

రగ్బీ లీగ్ ఎప్పుడూ చూడనివాళ్లకి ముందు నాలుగు ముక్కలు. జట్టుకి 13 మంది. బంతి చంకలో పెట్టుకుని ముందుకి పరిగెత్తొచ్చు, తన్నొచ్చు, కానీ చేత్తో ముందుకి విసరకూడదు. పక్కకో వెనక్కో అందించాలి. అవతలివాళ్లు పట్టి పడేస్తారు, దాన్నే ట్యాకిల్ అంటారు. ఆరుసార్లు పడేస్తే బంతి వాళ్ల చేతికి పోతుంది. చివరి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, దానికి 4 పాయింట్లు. ట్రై తర్వాత గోల్ కర్రల మధ్య నుంచి తన్నగలిగితే ఇంకో 2. మిగతాదంతా వొళ్లు హూనం చేసుకోవడమే.

బావగారి వైపు కథ ముందు చెప్పాలి, ఎందుకంటే అది పెద్దది. సెయింట్ జార్జ్ అనేది సాధువు పేరే గానీ ఇక్కడ ఒక ప్రాంతం పేరు. కొగరా, హర్స్ట్‌విల్, రాక్‌డేల్ చుట్టుపక్కలంతా అదే. ఆ క్లబ్బు 1921లో సిడ్నీ పోటీలోకి దిగింది. మొదటి కప్పు 1941లో, రెండోది 1949లో. ఆ తర్వాత జరిగింది మాత్రం ఏ ఆటలోనైనా అరుదు. 1956 నుంచి 1966 దాకా వరసగా 11 కప్పులు. మధ్యలో ఒక్క ఏడాదైనా ఇంకొకళ్లకి వదల్లేదు. 1959లోనైతే సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. నార్మ్ ప్రొవాన్, రెగ్ గాస్నియర్, జానీ రేపర్, గ్రేమ్ లాంగ్‌లాండ్స్ లాంటి పేర్లు ఇక్కడి ముసలాళ్లు ఇప్పటికీ దేవుడి పేర్లలా పలుకుతారు. 1965 ఫైనల్‌కి సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌కి 78,056 మంది వచ్చారు. కూర్చోడానికి చోటు లేక జనం స్టాండ్ల పైకప్పు ఎక్కారు.

1963 ఫైనల్ గురించి ఒక్క మాట, ఎందుకంటే దాని గుర్తు ఇప్పటికీ ప్రతి ఏడాదీ టీవీలో కనిపిస్తుంది. ఆ రోజు వాన. నేలంతా బురద. వెస్టర్న్ సబర్బ్స్ మీద 8-3తో సెయింట్ జార్జ్ గెలిచింది. ఆట అయ్యాక ఆరడుగుల పైన ఉండే ప్రొవాన్, అవతలి కెప్టెన్ పొట్టివాడు ఆర్థర్ సమన్స్, ఇద్దరూ తల నుంచి కాలిదాకా బురదతో ఒకళ్లనొకళ్లు పట్టుకుని నిలబడ్డారు. జాన్ ఓగ్రేడీ అనే పత్రికా ఫొటోగ్రాఫర్ ఆ క్షణాన్ని పట్టుకున్నాడు. ఇవాళ ఈ లీగ్‌లో కప్పు గెలిచినవాళ్లకి ఇచ్చేది ఆ ఫొటోనే కంచులో పోతపోసిన బొమ్మ. అంటే ఏ టీమ్ గెలిచినా చేత్తో ఎత్తుకునేది ఒక సెయింట్ జార్జ్ కెప్టెన్‌ని! బావగారికి ఇది చెప్పి తీరాలి, చెబుతారు కూడా.

అప్పట్లో ట్యాకిల్స్‌కి లెక్క లేదు. బంతి దొరికిన జట్టు పోగొట్టుకునేదాకా అట్టే పెట్టుకోవచ్చు. 1967లో నాలుగు ట్యాకిల్స్‌కి పరిమితం చేశారు. ఆ ఏడాదే సెయింట్ జార్జ్ పరంపర తెగింది. తర్వాత 1977లో ఒకటి, 1979లో ఒకటి గెలిచారు. మొత్తం 15. బావగారి లెక్క ఇక్కడిదే.

ఇంకో సంగతి మనవాళ్లకి నచ్చుతుంది. కొగరాలో ప్రిన్సెస్ హైవే మీద 1963లో కట్టిన సెయింట్ జార్జ్ లీగ్స్ క్లబ్బు భవనానికి జనం పెట్టిన పేరు తాజ్ మహల్. మొదటిసారి బావగారు "తాజ్ మహల్‌కి పోదాం రా" అని తీసుకెళ్తే ఇండియన్ రెస్టారెంట్ అనుకుని ఆకలి మీద వెళ్లాను. తెల్లటి పెద్ద కట్టడం, లోపల బిస్ట్రో, గోడల నిండా పాత ఆటగాళ్ల ఫొటోలు. చిప్స్ తిని వచ్చాను.

ఇప్పుడు మా వైపు. ఇల్లవారా అంటే కొండకీ సముద్రానికీ మధ్య ఇరుకైన పట్టీ. హెలెన్స్‌బర్గ్, బుల్లై, కొరిమల్ లాంటివి బొగ్గు గనుల ఊళ్లు. కిందికి వస్తే పోర్ట్ కెంబ్లాలో ఉక్కు ఫ్యాక్టరీ, ఓడరేవు. ఇక్కడ స్థానిక లీగ్ 1911 నుంచే ఉంది. ఆటగాళ్లకి కొదవ లేదు. కొదవ ఉన్నదల్లా పెద్ద పోటీలో సొంత టీమ్. అందుకని బాగా ఆడే ప్రతి కుర్రాడూ సిడ్నీ రైలెక్కేవాడు. లాంగ్‌లాండ్స్ ఎక్కడివాడనుకున్నారు? వొలాంగాంగ్ నుంచి వెళ్లినవాడే. 1979లో సెయింట్ జార్జ్ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ క్రెయిగ్ యంగ్, కొరిమల్ కుర్రాడు. స్టీవ్ మోరిస్ అనే ఆయన ఇక్కడి డాప్టోలో ఆడుతూనే 1978లో ఆస్ట్రేలియా జట్టుకి ఎంపికయ్యాడు, మరుసటి ఏడాదికల్లా సెయింట్ జార్జ్ తీసుకుపోయింది. బావగారి 15 కప్పుల్లో మా ఊళ్ల చెమట ఎంత ఉందో ఎవరూ లెక్కగట్టలేదు.

1982లో ఇల్లవారాకి సొంత టీమ్ వచ్చింది. అదే ఏడాది కాన్‌బెర్రాకీ వచ్చింది. ఎరుపు జెర్సీ, స్టీలర్స్ పేరు, సముద్రం ఒడ్డునే గ్రౌండు. కానీ ఆ 1982 ఎలాంటి ఏడాదో చెబితే గానీ ఆ పేరు బరువు తెలియదు. అప్పటికి పోర్ట్ కెంబ్లాలో ఇరవై వేల మంది పైన పనిచేస్తున్నారు. ప్రపంచమంతా ఉక్కు ధర పడిపోయింది. ఫ్యాక్టరీ యజమాని బీహెచ్‌పీ ఉద్యోగాలు పీకడం మొదలుపెట్టింది. అక్టోబరులో కెమిరా గనిలో కార్మికులు పైకి రాకుండా 16 రోజులు లోపలే కూర్చున్నారు. వాళ్లు ఇంకా కిందుండగానే, అక్టోబరు 26న, ఇక్కడి గని, ఉక్కు కార్మికులు రైలేసుకుని కాన్‌బెర్రా వెళ్లి పార్లమెంటు తలుపులు తోసుకుని లోపలికి జొరబడ్డారు. మా వర్క్‌షాపు పెద్దాయన అప్పుడు అప్రెంటిస్. ఆ ఏడాది వారమంతా ఎవరి పేరు లిస్టులో ఉందో అని టెన్షన్ పడి, వారం చివర గ్రౌండుకి వెళ్లి గొంతు పోయేదాకా అరిచేవాళ్లట. ఓడినా సరే వెళ్లేవాళ్లట. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అనే మాట వింటూ పెరిగినవాణ్ని, నాకు ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఓడడం అయితే బాగానే ఓడారు. 1985, 1986, 1989 మూడేళ్లూ పట్టికలో ఆఖరి స్థానం. 1985 అంటే మన హెలెన్స్‌బర్గ్ గుడికి కుంభాభిషేకం జరిగిన ఏడాది. స్వామి వచ్చిన ఏడాదే స్టీలర్స్ అట్టడుగున ఉన్నారని బావగారి ఎగతాళి. ఆ గుడి వొలాంగాంగ్ కౌన్సిల్ పరిధిలో ఉంది, అంటే స్వామి మా వైపే అని నా జవాబు.

1992 మాత్రం వేరు. కోచ్ గ్రాహమ్ మర్రీ. పాల్ మెక్‌గ్రెగర్, రాడ్ విషార్ట్, బ్రెట్ రాడ్‌వెల్ మంచి ఫామ్‌లో ఉన్నారు. మొట్టమొదటిసారి స్టీలర్స్ ఫైనల్స్‌కి, అంటే సీజన్ చివర పై జట్లు కప్పు కోసం ఆడే రౌండ్లకి చేరారు. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే గ్రాండ్ ఫైనల్. ఆ మ్యాచ్ ఎవరితో? సెయింట్ జార్జ్‌తోనే. స్కోరు 4-0. ఎనభై నిమిషాల ఆటలో ఒకే ఒక్క ట్రై, అదీ అవతలివాళ్లది. స్టీలర్స్ మళ్లీ ఎప్పుడూ అంత దూరం రాలేదు. పెద్దాయన దగ్గర పాత స్టీలర్స్ టోపీ ఒకటుంది. ఎరుపు వెలిసి ఇటుక రంగుకి వచ్చింది, అంచు మీద గ్రీజు మరక. స్మోకోకి (ఇక్కడ టీ విరామాన్ని అలాగే అంటారు) కూర్చున్నప్పుడు దాన్ని మోకాలి మీద పెట్టుకుని ఆ ట్రై ఎలా పడిందో బల్ల మీద కప్పులు, చక్కెర పొట్లాలు జరిపి చూపిస్తాడు. ప్రతిసారీ ఏదో ఒక చక్కెర పొట్లం కాస్త ముందుకి జరిగి ఉంటే ఆపేసేవాళ్లమే అంటాడు.

ఆ తర్వాత ఆరేళ్లకి ఆ రెండు క్లబ్బులూ ఒకటయ్యాయి. ఓడించినవాడి ఇంటికే వెళ్లాల్సి రావడం అంటే ఇదే.

ఎందుకయ్యాయి అంటే, టీవీ. 1995లో మర్డోక్ గారి న్యూస్ లిమిటెడ్ సూపర్ లీగ్ పేరుతో కొత్త పోటీ పెడతానని ఆటగాళ్లని, క్లబ్బుల్ని డబ్బుతో లాగడం మొదలుపెట్టింది. పాత లీగ్ వెనక టీవీ యజమాని కెర్రీ ప్యాకర్, టెలికాం కంపెనీ ఆప్టస్ నిలబడ్డారు. కేబుల్ టీవీ హక్కుల కోసం ఇద్దరు శ్రీమంతుల కొట్లాట ఇది. సెయింట్ జార్జ్, ఇల్లవారా రెండూ పాత లీగ్‌తోనే ఉన్నాయి. ఆటగాళ్ల జీతాలు ఆకాశానికి పోయాయి. 1997లో ఒకే దేశంలో రెండు పోటీలు జరిగాయి, జనం విసిగిపోయారు. ఏడాది చివర్లో రాజీ కుదిరింది. 1998లో 20 టీమ్‌లతో ఎన్ఆర్ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్) మొదలైంది. షరతు ఏంటంటే 2000 కల్లా 14 మాత్రమే మిగలాలి. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్నది గేటు రాబడి, జనం, లాభం, గెలుపులు లెక్కేసి తేలుస్తారు. కలిసిపోయినవాళ్లకి మాత్రం చోటు ఖాయం, పైగా డబ్బు సాయం.

ఎద్దులూ ఎద్దులూ పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగాయన్నట్టు, ఆ రాజీకి మూల్యం చెల్లించింది చిన్న క్లబ్బులు. అడిలైడ్, గోల్డ్ కోస్ట్ 1998తోనే మూతపడ్డాయి. 1999 తర్వాత సౌత్ సిడ్నీని తీసేస్తే జనం వీధుల్లోకి వచ్చారు, కోర్టుకెళ్లారు, 2002లో తిరిగి వచ్చారు. బాల్‌మైన్, వెస్టర్న్ సబర్బ్స్ కలిసి వెస్ట్స్ టైగర్స్ అయ్యాయి. మ్యాన్లీ, నార్త్ సిడ్నీ కలిసి నార్తర్న్ ఈగిల్స్ అయ్యి మూడు సీజన్లలో విడిపోయాయి. మ్యాన్లీ బతికింది, నార్త్ సిడ్నీ పెద్ద పోటీలో లేకుండా పోయింది. దాని బేర్స్ పేరుతో 2027లో పెర్త్ నుంచి టీమ్ వస్తుందని 2025లో ప్రకటించారు. ఇవన్నీ చూశాక వొలాంగాంగ్‌లో ఎవరైనా "మనం కలవకుండా ఉండాల్సింది" అంటే నేను ఒప్పుకోను. కలవకపోతే పోయేవాళ్లమే.

1998 సెప్టెంబరు 23న విలీనం ఖరారైంది. కొత్త ఎన్ఆర్ఎల్‌లో అదే మొదటి విలీనం. కాగితం మీద చెరి సగం. మరి ఎవరికి ఏం దక్కింది? జెర్సీ తెల్లటిది, ఛాతీ మీద ఎర్రటి వీ, అది సెయింట్ జార్జ్‌ది. డ్రాగన్స్ పేరు సెయింట్ జార్జ్‌ది. పూర్తి పేరులో ముందు సెయింట్ జార్జ్, వెనక ఇల్లవారా. టీవీలో కామెంటేటర్లకి అంత పొడుగు పేరు పలకడానికి ఓపిక ఉండదు కాబట్టి సగంసార్లు రెండో మాట రాలిపోతుంది. స్టాండ్స్‌లో కేక "సెయింట్స్!" అనే. స్టీలర్స్ అన్న మాట ఎక్కడా లేదు. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు మా అమ్మ పాస్‌బుక్కు మీద పేరు మారింది, కౌంటర్లో మనుషులు మాత్రం వాళ్లే ఉన్నారు, అమ్మ ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకుకి వెళ్లొస్తా" అనే అంటుంది. ఇక్కడా అంతే. పెద్దాయన నోట డ్రాగన్స్ అన్న మాట నేను వినలేదు.

మావాళ్లకి దక్కినవి కూడా చెప్పాలి కదా. సొంతగడ్డ మ్యాచ్‌లు కొగరా జూబిలీ ఓవల్‌లో కొన్ని, వొలాంగాంగ్‌లో కొన్ని. మొదటి ఏడాది కోచ్‌లు ఇద్దరు. సెయింట్ జార్జ్ నుంచి డేవిడ్ వెయిట్, ఇల్లవారా నుంచి ఆండ్రూ ఫరార్. ఇద్దరు కోచ్‌లు సమాన హోదాలో ఒక టీమ్‌ని నడపడం ఏంటో నాకిప్పటికీ అర్థం కాదు, కానీ నడిపారు. కెప్టెన్ మాత్రం మావాడు, మెక్‌గ్రెగర్.

ఆ వింత ఏర్పాటుతోనే 1999లో గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లిపోయారు. ఒలింపిక్స్‌కి కట్టిన కొత్త స్టేడియం. లక్షా ఏడు వేల పైచిలుకు జనం. అవతల మెల్‌బోర్న్ స్టార్మ్, పుట్టి రెండేళ్లయిన టీమ్. సగం ఆటకి డ్రాగన్స్ 14-0తో ముందున్నారు. రెండో సగం మొదట్లో ఆంథొనీ మండైన్ గీత దాటాడు. నేలకి ఆనిస్తే ఆట అక్కడితో అయిపోయేది. బంతి చేతిలోంచి జారింది. అక్కణ్నుంచి మెల్‌బోర్న్ మెల్లమెల్లగా పైకొచ్చింది. ఆఖర్లో 18-14, ఇంకా డ్రాగన్స్‌దే పైచేయి. మెల్‌బోర్న్ వింగర్ క్రెయిగ్ స్మిత్ గీతకి అవతల గాల్లో బంతి అందుకుని దిగుతుంటే జేమీ ఏన్స్‌కో చెయ్యి అతని తల ప్రాంతంలో తగిలింది. బంతి పోయింది, మనిషీ సొమ్మసిల్లాడు. రిఫరీ బిల్ హారిగన్ వీడియో రిఫరీని అడిగాడు. అక్కడి నుంచి పెనాల్టీ ట్రై అని వచ్చింది, అంటే అడ్డు తగలకపోతే ట్రై పడేదే అని తేల్చి ఇచ్చేసే ట్రై. దానికి గోల్ కిక్కు సరిగ్గా కర్రల ముందు నుంచే కొట్టొచ్చు. మ్యాట్ గేయర్ కొట్టాడు. 20-18.

కొన్ని క్లిప్పులు ఎన్నిసార్లు చూసినా మనసు ఒప్పుకోదు. ఆ పెనాల్టీ ట్రై ఇచ్చింది సరైనదేనని నా అభిప్రాయం. బావగారు ఒప్పుకోరు. ఈ విషయంలో పెద్దాయన, బావగారు ఒకే పార్టీ. నాకు తెలిసి కొగరాకీ వొలాంగాంగ్‌కీ పూర్తిగా కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అదే. కలిసి గెలవడం కంటే ముందు కలిసి ఏడ్చారు.

తర్వాతి పదేళ్లు త్వరగా చెప్పేస్తాను, చెప్పుకోడానికి పెద్దగా సంతోషం లేదు. మండైన్ 2000లో సీజన్ మధ్యలో ఆట వదిలి బాక్సింగ్‌కి వెళ్లిపోయాడు. 2005లో గ్రాండ్ ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద వెస్ట్స్ టైగర్స్ చేతిలో 20-12తో ఓడారు. ఆ టైగర్స్ వెళ్లి కప్పు కొట్టారు, అంటే విలీనంతో పుట్టిన క్లబ్బుల్లో మొదటి కప్పు వాళ్లది. 2006లో మళ్లీ అదే మెట్టు మీద మెల్‌బోర్న్ చేతిలో ఓటమి. మంచి ఆటగాళ్లున్నా అసలు సమయానికి చేతులెత్తేస్తారని పేరు పడింది. 2009లో వేన్ బెనెట్ కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడాది పట్టికలో మొదటి స్థానం, ఫైనల్స్‌లో మాత్రం వరసగా రెండు ఓటములతో ఇంటికి. నవ్వనివాడు పాపాత్ముడు.

2010లో మళ్లీ మొదటి స్థానం. గ్రాండ్ ఫైనల్లో సిడ్నీ రూస్టర్స్. సగం ఆటకి 8-6తో వెనకబడ్డారు. రెండో సగంలో అవతలివాళ్లకి ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా 26 కొట్టారు. 32-8. ఆ మ్యాచ్‌లో మొదటి ట్రై కొట్టింది మార్క్ గాస్నియర్, ఆ పాత రెగ్ గాస్నియర్‌కి అన్న కొడుకో తమ్ముడి కొడుకో నాకు పట్టలేదు గానీ, ఆయనకి ఇతను స్వయానా అన్నదమ్ముల బిడ్డ. బావగారి వాదన అంతా ఈ ఒక్క కుర్రాడి మీదే నిలబడుతుంది: అదే రక్తం, అదే జెర్సీ, అదే వీ, కాబట్టి పదహారు.

మంచిదే. అయితే ఆ రోజు కప్పెత్తిన కెప్టెన్ బెన్ హార్న్‌బీ ఎక్కడివాడు? వొలాంగాంగ్‌వాడు. బెన్ క్రే మావాడు. వింగ్‌లో ఆడిన బ్రెట్ మోరిస్, డాప్టో నుంచి వెళ్లిన స్టీవ్ మోరిస్ కొడుకు. రెండో సగంలో ట్రై కొట్టిన డీన్ యంగ్, కొరిమల్ క్రెయిగ్ యంగ్ కొడుకు. తండ్రులు సొంత టీమ్ లేక సిడ్నీ రైలెక్కారు. కొడుకుల జెర్సీ మీద ఇల్లవారా పేరుంది. మా ఊరి పేరున్న టీమ్ పెద్ద కప్పు గెలవడం అదే మొదటిసారి. నాకు అందుకే అది ఒకటి.

ఈ వాదన విని పెద్దాయన ఏమన్నాడంటే, "మీ ఇద్దరిదీ తప్పే. స్టీలర్స్‌కి సున్నా". అంతే, మళ్లీ చక్కెర పొట్లాలు తీశాడు.

2010 తర్వాత కథ పల్చబడింది. 2011 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ వెళ్లి విగన్‌ని 21-15తో ఓడించి వరల్డ్ క్లబ్ ఛాలెంజ్ తెచ్చారు. అదే ఏడాది ఆగస్టులో పోర్ట్ కెంబ్లాలో ఆరో నంబరు ఫర్నేసు ఆపేస్తున్నామని ప్రకటన వచ్చింది. ఆటలో ఏం జరుగుతోందో మా వర్క్‌షాపులో కొన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2011 సీజన్ తర్వాత డ్రాగన్స్ ఫైనల్స్‌కి వెళ్లింది 2015లో, 2018లో. 2018లో బ్రిస్బేన్‌ని వాళ్ల ఊళ్లోనే 48-18తో చితక్కొట్టి, మరుసటి వారం సౌత్ సిడ్నీ చేతిలో 13-12తో, ఒక్క పాయింటుతో పోయారు. 2019 నుంచి 2025 దాకా ఫైనల్స్ మొహం చూడలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది పట్టికలో స్థానం కాదు. ఇల్లవారా సగం వాటాలో సగాన్ని 2006లో విన్ కార్పొరేషన్ కొంది, వొలాంగాంగ్‌లోనే ఉన్న టీవీ సంస్థ, బ్రూస్ గార్డన్ అనే ఆయనది. మిగతా సగం కూడా 2018లో వాళ్లకే వెళ్లింది. కాబట్టి ఇప్పుడు కొగరా సగం సభ్యుల క్లబ్బుది, మా సగం ఒక వ్యాపారిది. ఆయన కొనకపోతే క్లబ్బు ఏమయ్యేదో అని భయపడినవాళ్లే ఇక్కడ ఎక్కువ, నిజమే, ఊరి మనిషి కాబట్టి ఊరికి మంచిదే అన్నవాళ్లూ ఉన్నారు. కానీ గనివాళ్లు, ఉక్కువాళ్లు గేటు డబ్బుతో నిలబెట్టుకున్న టీమ్ వాటా అలా చేతులు మారడం నాకు నచ్చలేదు. ఇంకో వైపు చూస్తే టీమ్ కోసం కొత్త శిక్షణ కేంద్రం వొలాంగాంగ్ యూనివర్సిటీ ఇన్నోవేషన్ క్యాంపస్‌లో పెట్టుకున్నారు. పేరు వాళ్లది, కాపురం మా ఊళ్లో. బావగారికి ఈ మాట గుచ్చుకుంటుంది, అందుకే తరచూ అంటుంటాను.

స్టీలర్స్ పేరు పూర్తిగా పోలేదు కూడా. కుర్రాళ్ల పోటీల్లో విలీనం తర్వాత కూడా ఇల్లవారా స్టీలర్స్ అనే ఆడుతున్నారు, ఎర్ర జెర్సీతోనే. అమ్మాయిల టీమ్‌లకీ అదే పేరు. 2018లో మహిళల ఎన్ఆర్ఎల్ మొదలైనప్పుడు దిగిన నాలుగు టీమ్‌లలో సెయింట్ జార్జ్ ఇల్లవారా ఒకటి. పెద్దాయన మనవరాలు స్టీలర్స్ జెర్సీలో ట్రయల్స్‌కి వెళ్లిందని తెలిసిన రోజు వర్క్‌షాపులో అందరికీ లామింగ్టన్ కేకులు పంచాడు. ఆ పిల్ల ఎదిగి పెద్ద టీమ్‌కి వెళ్తే వీ జెర్సీ వేసుకోవాలి కదా అని అడిగాను. "అప్పుడు చూద్దాంలే" అన్నాడు.

సిడ్నీ నుంచి మ్యాచ్ చూడ్డానికి రావాలనుకునే మనవాళ్లకి: ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ ఉన్న రోజు చూసుకోండి, పొద్దున హెలెన్స్‌బర్గ్‌లో దర్శనం చేసుకుని అలా కిందికి వస్తే అరగంట, ముప్పావుగంటలో వొలాంగాంగ్ గ్రౌండు, విన్ స్టేడియం. గ్రౌండు పక్కనే బీచ్. ఎండ ఉన్నా జాకెట్ తెచ్చుకోండి, సాయంత్రానికి సముద్రం గాలి కోస్తుంది. పిల్లలుంటే కుర్చీల కంటే గడ్డి గట్టు మీద టికెట్లే మేలు, చవక కూడా. అక్కడ ఎవరైనా పాత ఎర్ర టోపీ పెట్టుకుని కనిపిస్తే 1992 గురించి అడగండి. కాకపోతే తిరుగు ప్రయాణానికి తొందర లేనప్పుడే అడగండి.